రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి



పని పోయిన రోజున మనం గ్రాట్యుటీ లెక్క వేస్తాం, పి.ఎఫ్. లెక్క వేస్తాం, బోనసు బాకీ ఎంతో అడుగుతాం. ఇవి మన వాళ్లకు నోటికి వచ్చిన లెక్కలు. కాని పని పోయాక కొంతకాలం ఇంటికి డబ్బు రావలసిన హక్కు ఇంకొకటి ఉంది. దాని పేరు నిరుద్యోగ భృతి. దాని చందా ప్రతి నెలా మన జీతంలోంచే పోతోంది. ఇ.ఎస్.ఐ. కార్డును జ్వరం వస్తే బయటికి తీస్తాం, కాన్పు వస్తే తీస్తాం. పని పోయినప్పుడు మాత్రం పెట్టెలోనే ఉంచేస్తాం.

నా సంగతే చెబుతాను. సరిహద్దు అవతల ఒక మిల్లులో రింగు ఫ్రేముల మీద 16 ఏళ్లు పని చేశాను. 2008లో మా షిఫ్టు ఎత్తేశారు. టైం ఆఫీసు గుమాస్తా ఒక కాగితం ముందు పెట్టి, "సంతకం పెట్టేయి, సాయంత్రానికి లెక్క తేల్చేస్తాం" అన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. నాది పదో తరగతి చదువు. అక్షరాలు కూడబలుక్కోగలను గాని ఆ భాష అర్థం కాలేదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, రైలెక్కి రాయగడ వచ్చేశాను. తరువాత ఎవరో చెబితే భృతి కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. "నీ అంతట నువ్వే మానుకున్నావు కదా, నీకు రాదు" అన్నారు. నేను సంతకం పెట్టింది రాజీనామా మీద! 16 ఏళ్ల చందా ఆ ఒక్క గీతతో పోయింది. తప్పంతా గుమాస్తాదే అనను. చదివి చెప్పే మనిషి కోసం ఒక్క రోజు ఆగి ఉంటే సరిపోయేది.

ఈ భృతి ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. జౌళి కార్మికులకు ఇది కొత్తా కాదు. మూతపడిన మిల్లుల కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 1986 సెప్టెంబరు 15 నుంచి జౌళి కార్మికుల పునరావాస నిధి పథకం నడిపింది. మొదటి ఏడాది వేతనంలో 75 శాతం, రెండో ఏడాది 50 శాతం, మూడో ఏడాది 25 శాతం ఇచ్చేవారు. 2017 ఏప్రిల్ 1 నుంచి దాన్ని ఇ.ఎస్.ఐ. వారి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో కలిపేశారు. ఆ యోజన 2005 ఏప్రిల్ 1న మొదలైంది. మిల్లు మూతపడినా, యాజమాన్యం మనల్ని రిట్రెంచి చేసినా, పనికి సంబంధం లేని ప్రమాదంలో 40 శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం వచ్చి పని పోయినా ఇది వర్తిస్తుంది. గరిష్ఠంగా 24 నెలలు. మొదటి ఏడాది సగటు వేతనంలో సగం. భృతి వచ్చినన్నాళ్లూ కుటుంబానికి ఇ.ఎస్.ఐ. వైద్యం కూడా ఉంటుంది.

దీనితో పాటు 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. ఇది జీవితంలో ఒక్కసారి, 90 రోజుల వరకు. మొదట సగటు వేతనంలో 25 శాతమే ఇచ్చేవారు. కరోనా కాలంలో, 2020లో, 50 శాతం చేశారు. రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి. పని పోవడానికి ముందటి చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి, అంతకు ముందటి మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో కూడా 78 రోజులు ఉండాలి. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు, కనుక దరఖాస్తుకు ముందు గడువు కనుక్కోండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. నెలకు 12,000 రూపాయలు వచ్చే కార్మికుడి నుంచి 0.75 శాతం, అంటే 90 రూపాయలు కోస్తారు. యాజమాన్యం 3.25 శాతం, అంటే 390 రూపాయలు కడుతుంది. నెలకు 480 రూపాయలు మన పేరు మీద పోతున్నాయి. అతనికి పని పోతే మొదటి ఏడాది భృతి నెలకు సుమారు 6,000 చొప్పున 72,000 రూపాయలు.

"సెక్రటరీ గారూ, పిల్లలు పస్తులుంటే చట్టం చూసుకుంటూ కూర్చుంటామా? చేతికొచ్చిన డబ్బు తీసుకోవడమే మేలు" అని ఒక సోదరుడు నాతో వాదించాడు. ఆ బాధ నాకు తెలుసు, నేను పడ్డదే. కాని ఒకటి గమనించండి. రాజీనామా రాసినా రాయకపోయినా మన బకాయి వేతనం, మన పి.ఎఫ్. మనవే. ఎలాగూ రావలసిన డబ్బునే ఎరగా చూపి, రిట్రెంచిమెంటు పరిహారాన్నీ భృతినీ ఎగ్గొట్టించే కాగితం అది. వి.ఆర్.ఎస్. తీసుకున్నా భృతి రాదు. క్రమశిక్షణ చర్య కింద తీసేసినా రాదు.

ఇంకొక అన్యాయం ఉంది. లాకౌటు కాలానికి ఈ భృతి లేదు. తాళం వేసేది యాజమాన్యం, శిక్ష కార్మికుడికి! భీమిలి దగ్గర చిట్టివలస జూట్ మిల్లుకు 2009లో లాకౌటు ప్రకటించారు. ఆ గేటు మళ్లీ తెరుచుకోలేదు. మూసివేత అంటే పరిహారం ఇవ్వాలి, లాకౌటు అంటే ఏళ్ల తరబడి కాలక్షేపం చేయవచ్చు. పాత పునరావాస పథకంలోనూ ఇదే చిక్కు ఉండేది. ప్రభుత్వ అనుమతితో మూసివేతో, అఫీషియల్ లిక్విడేటరు నియామకమో ఉంటేనే అది వర్తించేది. 90 రోజులు దాటిన లాకౌటును భృతి వరకైనా మూసివేతగా లెక్కించాలని మనం అడగాలి.

మన జిన్నింగు కార్మికుల సంగతి మరీ అన్యాయం. రాయగడ జిల్లాలో గుణుపురం, బిస్సంకటక్ వైపు పత్తి పండుతుంది. కాని పత్తి జిన్నింగు, ప్రెస్సింగు మాత్రమే చేసే ఫ్యాక్టరీలను చట్టం సీజను ఫ్యాక్టరీలంటుంది, వాటికి ఇ.ఎస్.ఐ. వర్తించదు. సీజను ఫ్యాక్టరీకే గాని కార్మికుడి ఆకలికి సీజను ఉంటుందా? పని చేసిన రోజుల లెక్కన వారికీ చందా, భృతి ఉండాలి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. మిల్లు మూయడానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేని పరిమితి 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. చిన్న మిల్లులకు మూసివేత సులువైంది. రిట్రెంచి అయినవారికి నైపుణ్య నిధి నుంచి 15 రోజుల వేతనం 45 రోజుల లోపు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. దీన్ని కూడా అడిగి తీసుకోండి. రాజీనామా చేసినవాడికి ఇదీ దక్కదు.

కనుక చేయవలసింది ఇది:

1. ఇంగ్లీషులోగాని, ఒడియాలోగాని ఉన్న కాగితాన్ని తెలుగులో చదివించుకోకుండా సంతకం పెట్టకండి. నకలు అడగండి.

2. "రిట్రెంచిమెంటు" లేదా "మూసివేత" అనే మాట, తేదీతో సహా, యాజమాన్యం ఉత్తరంలో ఉండాలి.

3. ఆధార్, బ్యాంకు ఖాతా ఇ.ఎస్.ఐ. రికార్డులో మీ పేరుతో సరిపోయాయో లేదో పనిలో ఉండగానే చూసుకోండి. తెలుగు ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటే ఇప్పుడే దిద్దించండి.

4. చందా నిజంగా జమ అవుతోందో లేదో ఆరు నెలలకోసారి కనుక్కోండి. జీతంలో కోసి జమ చేయకపోతే వెంటనే యూనియన్‌కు చెప్పండి.

5. పని పోయాక ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి. అటల్ పథకానికి 30 రోజులు గడిచాక దరఖాస్తు పెట్టవచ్చు. రసీదు లేకుండా కాగితం ఇవ్వకండి.

6. బలవంతంగా సంతకం తీసుకుంటే ఆ సంగతి రాసి వెంటనే జిల్లా లేబరు ఆఫీసరుకు ఇవ్వండి. ఆలస్యం చేస్తే ఇష్టపడే రాశారంటారు.

ఆ రోజు నా పక్కన చదివి చెప్పే మనిషి లేడు. ఈ రోజు మీకు యూనియన్ ఆఫీసు ఉంది. గేటు దగ్గర కలం చేతికిస్తే, "రేపు మా యూనియన్ వాళ్లతో వస్తాను" అని చెప్పి ఇటు రండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి