బేమానీ పాటలకూ మానీ ఉంది భాయ్!

మన షాదీల్లో ఢోలక్ కే గీత్ వద్దనేవాళ్లు ఇప్పుడు రెండు రకాలు. ఒకరు దీన్‌దార్ భాయ్‌సాబ్‌లు: "ఇవన్నీ లగ్వ్, జాహిల్ ఆడోళ్ల పాటలు" అంటారు. ఇంకొకరు కొత్తగా నాలుగు పైసలు చూసిన ఖాందాన్‌లు: "ఇంకా ఈ పాత చింతకాయ ఏంది, డీజే పెట్టండి" అంటారు. వీళ్లిద్దరికీ ఒక్క విషయంలోనూ పడదు గానీ ఒక్క సవాల్ దగ్గర మాత్రం కలుస్తారు: "అసలు ఆ పాటల్లో మానీ ఏముంది?"

మానీ లేకుండా ఉండడమే ఆ పాటలు చేసే పని జనాబ్. ఎట్లనో చెబుతాను.

హైదరాబాద్‌లోనూ చుట్టూ జిల్లాల్లోనూ మాంఝా రోజో మెహందీ రాత్రో జనానాలో దరీ పరుస్తారు. మిరాసన్‌లు వస్తారు, లేకుంటే ఇంట్లో ఖాలాలు, ఫూఫీలే కూర్చుంటారు. ఒకరు ఢోలక్ పడతారు, ఒకరు చెంచాతో దాని చెక్క మీద తాళం వేస్తారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. నిషానా ఎవరంటే సమ్‌ధన్, అంటే దుల్హా అమ్మీ. ఆ పాటలు కాగితం మీద పెడితే చచ్చిపోతాయి, అందుకే తీరు మాత్రం చెబుతాను. ఆ లోకంలో సమ్‌ధన్‌ను దోమ ఎత్తుకుపోగలదు. కోడిపుంజు ఆమెకు నిఖా పైగామ్ పంపగలదు. గంపెడు బిర్యానీ తిన్నాక దేగ్‌ను కూడా మింగి ఇంకా ఆకలంటుంది. ఇంత అబద్ధాన్ని ముఖం మీద నవ్వు లేకుండా, నాత్ చదివినంత గంభీరంగా పాడతారు. ఖాఫియా ఎటు లాగితే కథ అటు పోతుంది, అఖల్ వెనక పరుగెత్తుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పిల్ల తల్లి ఆ రోజు ఏ హాల్‌లో ఉంటుంది? జోడే కీ రఖం ఇచ్చి, జహేజ్ సామాను లిస్టు మూడుసార్లు మార్చి, పదిమంది కాళ్లు పట్టుకుని ఆ రాత్రికి చేరింది. "మీకు ఎంత పెట్టినా కడుపు నిండదమ్మా" అని సమ్‌ధన్‌తో సీదాగా అంటే ఏమవుతుంది? బరాత్ వెనక్కి పోతుంది. అదే దేగ్ మింగిన సమ్‌ధన్ అని పాడితే? కోపం తెచ్చుకుంటే ఆమె పరువే పోతుంది. నిజంగా దేగ్ మింగినామె మాత్రమే కదా ఉలిక్కిపడాలి! కనుక ఆమె కూడా నవ్వాలి. నవ్వింది అంటే విన్నది. ఇద్దరు ఆడవాళ్ల మధ్య అప్పటిదాకా ఎవరూ అనలేని మాట అనడం అయిపోయింది, ఇజ్జత్ ఎవరిదీ పోలేదు. జరగని సంగతి చెప్పినందుకే జరిగిన సంగతి బయటపడింది. మన నానీలకు పంచాయతీలో కుర్చీ లేదు, ఖాజీ దగ్గర నోరు లేదు. వాళ్ల అదాలత్ ఆ దరీ మీదే నడిచింది.

"జాహిల్" అనే భాయ్‌కు కొన్ని పేర్లు గుర్తు చేయాలి. అమీర్ ఖుస్రో (1253-1325), హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా ముద్దుల మురీద్. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో అచ్చేసిన 'ఆబె హయాత్'లో ఒక ఖిస్సా ఉంది. బావి దగ్గర ఖుస్రో నీళ్లు అడిగితే నలుగురు ఆడవాళ్లు షరతు పెట్టారు. ఒకామెకు ఖీర్ మీద, ఒకామెకు చర్ఖా మీద, ఒకామెకు కుక్క మీద, ఒకామెకు ఢోల్ మీద కవిత్వం కావాలి. ఆయన నాలుగింటినీ ఒక్కచోట కుక్కి, తలా తోకా లేని ముక్క చెప్పి నీళ్లు తాగాడు. ఇలాంటి వాటికి అన్‌మేల్ అనీ ఢకోస్లా అనీ పేర్లున్నాయి. ఖుస్రో పేరుతో తిరిగే హిందవీ ముక్కలు ఎక్కువగా జనం నోటిమీదే మనదాకా వచ్చాయి, అన్నీ ఆయనవేనా అన్న బహస్ ఉంది. ఉండనీయండి. ఒక సూఫీ షాయర్ ఖాతాలో ఈ ఉత్తుత్తి మాటలు వేసి వందల ఏళ్లు దాచుకున్నది జనమే కదా! వాళ్లకది తక్కువ పని అనిపించలేదు.

కబీర్ ఉల్టీబానీ చూడండి. నీళ్లకు నిప్పంటుకుంటుంది, చేప చెట్టెక్కుతుంది. వాటికి అర్థాలు చెప్పడానికి పెద్ద పెద్ద పండితులు కూర్చుంటారు. చేప చెట్టెక్కితే మారిఫత్, సమ్‌ధన్‌ను దోమ ఎత్తుకుపోతే జహాలత్! తేడా ఎక్కడుంది? ఒకటి మగవాడి నోట వచ్చింది, ఇంకొకటి మీ దాదీ నోట వచ్చింది. అంతే.

దీన్ మాట తెచ్చారు కనుక అదీ మాట్లాడుకుందాం. ఒకాయన సవారీ అడిగితే, ఒంటె పిల్ల మీద ఎక్కిస్తానని హుజూర్ (స) అన్నారు. పిల్లతో నేనేం చేసుకోనని ఆయన బిత్తరపోతే, ఎంత పెద్ద ఒంటైనా ఒంటెకు పుట్టిన పిల్లే కదా అన్నారు. తిర్మిజీలో, అబూ దావూద్‌లో ఉన్న రివాయత్ ఇది. ఒక అన్సారీ ఇంటికి దుల్హన్‌ను పంపినప్పుడు, అన్సార్‌లకు వినోదం ఇష్టం, అదేమీ లేదా అని ఆరా తీసిన సంగతి బుఖారీలో ఉంది. సాజ్ జాయిజా కాదా అన్న బహస్ ఉలమాలకు వదిలేస్తున్నా. ఢోలక్ వద్దంటే దఫ్ పట్టండి, అదీ వద్దంటే చప్పట్లు కొట్టండి. నా ఝగ్డా నవ్వు గురించి. షాదీ ఇంట్లో ఆడవాళ్ల నవ్వును గునాహ్ లిస్టులో వేసి, జోడే కీ రఖం కవరును మాత్రం జేబులో వేసుకునే తఖ్వా నాకు అర్థం కాదు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మీర్, గాలిబ్, ఇక్బాల్ అందరూ వచ్చారు గానీ ఒక్క ఢోలక్ పాట కితాబ్‌లో కనబడలేదు. తెలుగు డిగ్రీలో చేరితే అక్కడ జానపద గేయాలు పాఠం. బిరుదురాజు రామరాజు గారి పరిశోధన గ్రంథం 1958లోనే అచ్చయింది. పెళ్లిపందిట్లో వియ్యపురాలిని ఎగతాళి చేసే స్త్రీల పాటలను తెలుగువాళ్లు సాహిత్యం అంటున్నారు. అదే ఎగతాళి పక్కింట్లో దక్కనీలో పాడితే మనమే సిగ్గుపడుతున్నాం. గుల్బర్గా షాయర్ సులేమాన్ ఖతీబ్ ఈ ఇంటి జబాన్‌తోనే సంబంధాల బేరాన్ని నవ్వించి నవ్వించి ఉతికాడు. ముషాయిరాలో ఆయనకు వాహ్ వాహ్ అన్నవాళ్లు ఇంటికొచ్చి ఖాలాను ఖామోష్ అంటారు.

మనం నోరు మూసుకున్న చోట వేరేవాళ్లు మాట్లాడతారు. తెలుగు సినిమాలో సాయిబు పాత్ర వచ్చి రెండు వంకర మాటలు అంటే హాలంతా నవ్వుతుంది. అక్కడ మనం నవ్వులపాలు. దరీ మీద నవ్వించేది మనం, ఎవరి మీద, ఎంతదాకా అన్నది కూడా మన చేతిలోనే. డీజే పాటలో సమ్‌ధన్ పేరుండదు, మీ ఊరి పేరుండదు, ఎవరి షాదీ అయినా అదే మోత.

అన్ని పాటలూ ముత్యాలని నేననను. రంగు తక్కువ పిల్లను, ఔలాద్ లేని ఆడమనిషిని పొడిచేవి ఉన్నాయి. అవి పారేయండి, హాయిగా పారేయండి. పెత్తనం చేసేవాళ్ల మీద నవ్వేవి ఉంచుకోండి.

వచ్చే షాదీకి ఒక గంట డీజే ఆపించండి. మీ నానీనో ఫూఫీనో అడిగి, ఆమె ఇజాజత్‌తోనే ఫోన్‌లో రికార్డు చేయండి. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ రస్మ్‌ఉల్‌ఖత్ రాదు, కనుక తెలుగు లిపిలోనే రాయండి, దక్కనీ మాటను దిద్దకండి. కింద పాడినామె పేరు రాయండి. మానీ ఏంటని పిల్లలు అడిగితే వెంటనే చెప్పకండి. ముందు నవ్వనీయండి, దేగ్ ఎవరు మింగారో వాళ్లకే తెలుస్తుంది.