సంచి బోర్లించి ఫొటో తీయకండి

సెలవులొచ్చాయంటే చాలు, ఇన్‌స్టాలో అవే ఫొటోలు. తెల్ల దుప్పటి మీద పాస్‌పోర్టు, కెమెరా, చార్జర్, మడతపెట్టిన టీషర్టు, ఒక నవల (దాని అట్ట టీషర్టుకి మ్యాచ్ అవ్వాలి), అన్నీ గీత గీసినట్టు పరిచి, కుర్చీ ఎక్కి పైనుంచి తీసినవి. దీన్ని నోలింగ్ అంటారు. నాకూ ఆ పిచ్చి ఉండేది.

ఆ మాట పుట్టింది వర్క్‌షాపులో. 1987లో ఫ్రాంక్ గేరీ ఫర్నిచర్ షాపులో శుభ్రం చేసే పని ఆండ్రూ క్రోమెలోది. చెల్లాచెదురుగా పడున్న పనిముట్లని లంబకోణాల్లో సర్దేవాడు. గేరీ అప్పుడు నోల్ కంపెనీకి కుర్చీలు డిజైన్ చేస్తున్నాడు, పేరు అలా వచ్చింది. ఏ పనిముట్టు ఎక్కడుందో చూడగానే తెలియాలి, ఆ సర్దుడంతా అందుకే. మనం మాత్రం ఫొటో అవగానే అన్నీ సూట్‌కేసులో కుక్కేస్తాం.

మా చిన్నాయనది కదిరి దగ్గర పల్లె. (2022లో అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, నాకింకా అనంతపురమే.) ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అదీ శెనక్కాయకి కావాల్సినప్పుడు రాదు. పంట పోయిన ఏడు ఆయన బెంగుళూరుకి తాపీపనికి పోతాడు. ఒకసారి బయల్దేరే సాయంత్రం ఆయన యూరియా సంచిని మిద్దె మీద బోర్లించాను. తాపీ, రసమట్టం, దుప్పటి, రాగిపిండి, ఊరిబిండి డబ్బా, మాత్రలు, ప్లాస్టిక్ కవర్లో ఆధార్. అన్నీ వరసగా పరిచా. సంచి రంగు బాలేదని పక్కన పెట్టేశా. బీడీకట్ట కూడా.

'ఏంటికిరా నాయనా, పోలీసోళ్ల మాదిరి అన్నీ పరిస్తివి?' అన్నాడు.

మళ్ళీ ఆయనే సర్దుకున్నాడు. తాపీ అంచు సంచిని కొయ్యకుండా పాత గుడ్డలో చుట్టి అడుగున. దాని మీద పిండి. దుప్పటి అన్నిటికన్నా పైన, ఎందుకంటే సైటుకి చేరేది అర్ధరాత్రి, ముందు కావాల్సింది అదే. మా భాషలో స్టాక్: చివర పెట్టింది ముందు బయటికి. నా ఫొటోలో ఈ తెలివి ఒక్క పిక్సెల్ కూడా లేదు. వస్తువుల మధ్య ఖాళీలే అందంగా ఉన్నాయి. ప్యాకింగ్ అంటేనే ఖాళీ లేకుండా చెయ్యడం కదా! ఆ సర్దుడులో బస్సు పోయింది, మర్నాటి కూలీ కూడా. నాకు మాత్రం లైకులు దండిగా వచ్చాయి.

'అలాంటి బతుకుల్ని చూపించడం కూడా గౌరవమే' అని ఒక ఫ్రెండు వాదన. 2015లో ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ గ్రీసులోని లెస్బోస్ దీవికి చేరిన శరణార్థుల సంచుల్లో ఏముందో ఇలాగే ఫొటోలు తీయించింది, అది చూపించాడు. అక్కడ కనీసం ఆ మనుషులు ఉన్నారు, ఏది ఎందుకు తెచ్చుకున్నారో వాళ్లే చెప్పారు. నా ఫొటో కింద ఉన్నది నా క్యాప్షన్: 'మినిమలిజం'. మోయగలిగిందే తీసుకెళ్లే మనిషికి నేను పెట్టిన పేరది. ఆయన కావాలని వదులుకున్నట్టు! ఇంట్లో మంచం ఉంది, మోసుకుపోలేడు కాబట్టి పోలేదు.

నీ సంచి నువ్వు పరుచుకో, నీ ఇష్టం. ఇంకొకరిది తియ్యాలనుంటే, వాళ్లు సర్దేటప్పుడు పక్కన కూర్చో. ముందు బస్సు ఎన్నింటికో అడుగు.