న్యాయమూర్తికి రెండవ జీతము



1780వ సంవత్సరము మార్చి మాసమున కలకత్తా నగరములో కాశీనాథబాబు అనెడి షాహుకారొకడు, సాక్షాత్తు గవర్నరు జనరలగు వారన్ హేస్టింగ్సు మీదను ఆయన కౌన్సిలు సభ్యుల మీదను తాను సుప్రీముకోర్టులో తెచ్చిన దావాను, కారణమేదియు వెల్లడింపక, హఠాత్తుగా ఉపసంహరించుకొనెను. అప్పిచ్చిన సొమ్ము రాబట్టుకొనుటకై జమీందారును కోర్టుకీడ్చి, అడ్డువచ్చిన ప్రభుత్వమునే ప్రతివాదిగా నిలువబెట్టిన మనుజుడు, గెలుపోటములు తేలకముందే ఇంటిదారి పట్టెను. అటుపిమ్మట ఏడు మాసములకు, అక్టోబరునందు, ఆ సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలిజా ఇంపీ, అదే హేస్టింగ్సు చేతిమీదుగా, ఈస్టిండియా కుంఫిణీవారి సదర్ దివానీ అదాలతు అను అప్పీలుకోర్టునకు అధిపతియై, నెలకు మఱి 5,000 రూపాయల జీతమునకు కుదిరెను. ఈ రెండు సంగతులకును సంబంధమున్నదని మేము చెప్పము. సంబంధము లేదని లోకమును నమ్మించుట మాత్రము ఇంపీ పక్షమువారికి నూఱేండ్లకును సాధ్యము కాలేదు. 1885లో న్యాయకోవిదుడగు సర్ జేమ్సు స్టీఫెన్ అంతటివాడు ఆయన పక్షమున రెండు సంపుటములు వ్రాయవలసివచ్చెను.

నేడు మన హైకోర్టులనుండియు సుప్రీముకోర్టునుండియు విరమించిన న్యాయమూర్తులు ప్రభుత్వము దయచేసెడి ఏ పదవిని గాని స్వీకరింపరాదని శాసనము చేయవలెనన్నది మా కోరిక. దానికి ఇంత పాతకథ యెందుకని యడుగువారు కొంచెము ఓపికతో వినవలెను.

1773లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన రెగ్యులేటింగు చట్టము వంగదేశమున గవర్నరు జనరలును నలుగురు సభ్యుల కౌన్సిలును ఒకవైపున, రాజుగారి పేర సుప్రీముకోర్టును మఱియొకవైపున నిలిపెను. ప్రధాన న్యాయమూర్తికి ఏటికి 8,000 పౌనుల జీతము. తక్కిన మువ్వురకు తలకు 6,000. జీతములు ఇంత నిక్కచ్చిగా నిర్ణయించిన చట్టము, ఒకరి అధికారము ఎక్కడ ముగిసి రెండవవారిది ఎక్కడ మొదలగునో మాత్రము నిర్ణయింపలేదు. చేనికి గట్టు వేయక ఇద్దఱు పాలివాండ్రకు పంచిపెట్టి, తాను వేలాది మైళ్లకావల హాయిగా కూర్చున్న పెద్దమనిషి వ్యవహారమువలె నుండెను. కుంఫిణీ కొలువులో నున్నవారందఱును కోర్టు అధికారమునకు లోబడుదురని చట్టములో నున్నది సరియే. అయితే శిస్తు వసూలుచేసి కుంఫిణీకి కట్టెడి జమీందారు కుంఫిణీ కొలువులో నున్నట్లా? కోర్టువారు అవునన్నారు. కౌన్సిలువారు కాదన్నారు.

ఈ అధికారముల తగవు మొదట పాట్నాలో బయటపడెను. అక్కడ నొక సైనికోద్యోగి గతింపగా, అతని వితంతువగు నాదిరాబేగమునకును సోదరుని కుమారునికిని వారసత్వపు తగవు వచ్చెను. అక్కడి ప్రొవిన్షియలు కౌన్సిలువారు దానిని కాజీకిని ముఫ్తీలకును అప్పగించిరి. ఆ బేగము సుప్రీముకోర్టున ఫిర్యాదుచేయగా, కోర్టు 1779లో కాజీ మొదలగువారిపై మూడులక్షల రూపాయల నష్టపరిహారమునకు తీర్పిచ్చెను. కలకత్తాకు తరలింపబడుచుండగా వృద్ధుడగు కాజీ త్రోవలోనే మరణించెను. తనపై అధికారులు చెప్పినట్లు తనకు తెలిసిన ధర్మశాస్త్రము చొప్పున నడచుకొన్న ఆ ముసలివాని దోషమేమో నేటికిని బోధపడదు.

కాశీనాథబాబు వ్యవహారము ఇంతకంటె ముదిరినది. మేదినీపురము ప్రాంతమున కాశీజోడా జమీందారు అతనికి బాకీపడెను. 1779లో అతడు దావావేయగా సుప్రీముకోర్టు జమీందారును పట్టితెమ్మని వారంటు పంపెను. జమీందారు కనబడకుండ పోయెను. పిమ్మట ఆస్తి జప్తు చేయుటకై కోర్టు ఉద్యోగియగు షరీఫుగారి బంటులు అఱువదిమంది ఆయుధములతో కాశీజోడాకు పోయిరి. వారు నౌకరులను కొట్టిరనియు, అంతఃపురములోనికి చొరబడిరనియు, దేవతార్చనమందిరమును అపవిత్రము చేసిరనియు జమీందారు పక్షమువారు మొఱపెట్టిరి. కౌన్సిలువారు అంతకుముందే జమీందారులకు, మీరు కోర్టు ఆజ్ఞలకు లోబడ నక్కఱలేదని ప్రకటించియుండిరి. ఇప్పుడు దండును పంపి షరీఫు మనుష్యులనే చెఱపట్టించిరి. కుంఫిణీ సేన, రాజు పేర వెలువడిన కోర్టు ఆజ్ఞను తుపాకులతో నడ్డగించినది. కోర్టువారును ఊరకుండక, కుంఫిణీ వకీలగు నార్త్ నేలరును ధిక్కారనేరమున ఖైదుచేసిరి. కాశీనాథుడు గవర్నరు జనరలుపై దావా తెచ్చినది ఈ ఘట్టముననే. కౌన్సిలు సభ్యులు, తాము ప్రభుత్వముగా చేసిన కార్యములకు కోర్టునకు జవాబుదారులము కామని, హాజరగుటకు నిరాకరించిరి.

(దొరలు కొట్లాడుకొనుట కలకత్తాకే పరిమితమని తలపవలదు. మన మదరాసులో అంతకు మూడేండ్లకు ముందు, తంజావూరి వ్యవహారమున పుట్టిన తగవులో, కౌన్సిలులోని అధికసంఖ్యాకులు తమ గవర్నరు లార్డు పిగట్‌నే 1776 ఆగస్టు నెలలో నిర్బంధించిరి. ఆయన మరుసటియేడు నిర్బంధమందే మరణించెను. దానితో పోల్చినచో కలకత్తావారు మర్యాదస్థులే.)

ఇట్టి కలహమును మాన్పుటకు నాడు రెండు మార్గములు అవలంబింపబడెను. మొదటిది హేస్టింగ్సు మార్గము. ఇంపీయు హేస్టింగ్సును చిన్ననాట వెస్టుమినిస్టరు బడిలో కలసి చదువుకొన్నవారు. మొఫస్సలు దివానీ కోర్టులకు అప్పీలుకోర్టుగా నుండిన సదర్ అదాలతును ఇంపీకి అప్పగించినచో రెండు కోర్టులకును తల ఒక్కటే యగును, పోరు తనంత తానే యణగునని ఆయన ఎత్తుగడ. అట్లే అణగెను. ఇంపీ ఆ పదవిలో ఊరక కూర్చుండలేదని కూడ చెప్పవలయును. 95 ప్రకరణములతో ఆయన కూర్చిన సివిలు విధానసంహిత 1781లో అమలులోనికి వచ్చి మొఫస్సలు కోర్టులకెంతయో ఉపకరించెను. మంచిపని చేసెను గనుకనే ఈ దృష్టాంతము మాకు పనికివచ్చుచున్నది. పనిచేయని లంచగొండిని ఖండించుట కెవరికిని శ్రమలేదు. సమర్థుడును విద్వాంసుడును అగు న్యాయమూర్తి, నిన్నటిదాక తన ఎదుట ప్రతివాదిగా నుండిన ప్రభుత్వమునుండి, ఆ ప్రభుత్వమిష్టపడినంతకాలమే నిలుచు పదవిని జీతముతో సహా పుచ్చుకొన్నప్పుడు, ఆయన హృదయము నిర్మలమేయైనను, రేపు ఆ కోర్టు గుమ్మమెక్కు కక్షిదారునకు ఆ నిర్మలత్వము కనబడు దారి యేది? కౌన్సిలులో ఫిలిప్పు ఫ్రాన్సిసు దీని నెదిరించెను. హేస్టింగ్సుపై ఆయనకున్న పగ అందఱెఱిగినదే గాని, పగవాడు చెప్పినంతమాత్రమున నిజము అబద్ధము కాదు. 1782లో కామన్సు సభ ఇంపీని వెనుకకు పిలిపింపవలెనని తీర్మానించెను. 1788లో ఆయనపై నేరారోపణ వీగిపోయినది, అపవాదు వీగిపోలేదు.

రెండవ మార్గము 1781 నాటి చట్టము. కౌన్సిలు తన అధికారహోదాలో చేసిన కార్యములపై కోర్టునకు అధికారము లేదనియు, శిస్తు వ్యవహారములలో కోర్టు జోక్యము కూడదనియు, భూమి కౌలు గలవాడైనంతమాత్రమున జమీందారు కోర్టుపరిధిలోనికి రాడనియు, హిందువుల వారసత్వమునకు హిందూధర్మశాస్త్రమును ముసల్మానుల వారసత్వమునకు వారి శాస్త్రమును వర్తింపవలెననియు పార్లమెంటు విస్పష్టముగ శాసించెను. ఆ చట్టము కౌన్సిలు వైపే ఎక్కువ మొగ్గినదనుటలో సందేహము లేదు. అయినను అది బహిరంగముగ చేసిన చట్టము. దానిని విమర్శింపవచ్చును, మార్చవచ్చును. అయితే రాజుగారి కోర్టు, కుంఫిణీ అదాలతు అనెడి ద్వంద్వము ఆ చట్టముతో పోలేదు, తరువాత మదరాసునకును వచ్చినది; మచిలీబందరు ప్రొవిన్షియలు కోర్టులో ఓడిన మన సర్కారు జిల్లాల కక్షిదారు అప్పీలునకు మదరాసు సదర్ అదాలతునకు పోవలసియుండెను. 1862లో హైకోర్టులు స్థాపితమగువఱకు రెండుకోర్టులు ఒకటి కాలేదు.

ఇక నేటి సంగతి. మన రాజ్యాంగము కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరలు పదవి చేసినవారు తరువాత ప్రభుత్వోద్యోగమేదియు చేయరాదని 148వ అధికరణములో నిషేధించినది. యూనియను పబ్లిక్ సర్వీసు కమిషను అధ్యక్షునికి 319వ అధికరణములో అదే నిషేధము. లెక్కలు చూచువారికిని ఉద్యోగులను ఎంపికచేయువారికిని వేసిన ఈ కంచె, తీర్పులు చెప్పువారికి లేదు. వారికి వకీలువృత్తి విషయమున మాత్రమే నిర్బంధములున్నవి. 1949లో రాజ్యాంగసభలో కె. టి. షా గారు ఇట్టి నిషేధమును ప్రతిపాదింపగా, న్యాయస్థానములు తీర్చు వ్యాజ్యములలో ప్రభుత్వమునకు ప్రమేయము బహుస్వల్పమను భావముతో అంబేద్కరు గారు కాదన్నారు. నాటికి అది సబబుగానే తోచియుండును. నేడు మన కోర్టులలో ప్రభుత్వమును మించిన కక్షిదారు లేడు. 1958లో సెతల్వాడు గారి అధ్యక్షతను లా కమిషను, సుప్రీముకోర్టు న్యాయమూర్తులు విరమణానంతరము ప్రభుత్వపదవులు స్వీకరింపరాదని సిఫారసు చేసినది. ఆ కమిషనులో సభ్యులైన ఛాగ్లా గారే ఆ యేట అమెరికాకు రాయబారిగా వెళ్లిరి! 2023లో మన ఆంధ్రప్రదేశ్ రాజభవనమునకు గవర్నరుగా వచ్చినవారు, అంతకు రెండుమాసములైనను గడువకముందు సుప్రీముకోర్టు పీఠముపై నుండినవారు. వారెవ్వరి చిత్తశుద్ధిని గాని మేము శంకింపము. ఇంపీ విషయమున కూడ ఆ పని మానితిమి గదా.

ట్రిబ్యునళ్లకు అనుభవజ్ఞులగు విరమించిన న్యాయమూర్తులు కావలెననువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. వారిని ఎంచుకొను అధికారము మంత్రులకు గాక పదవిలో నున్న న్యాయమూర్తుల సంఘమునకుండినచో ఆ అవసరము తీరును. పింఛను చాలదనువారికి మా జవాబు సులభము: కడపటి జీతమునంతయు పింఛనుగా జీవితాంతము ఇయ్యుడు.  గవర్నరు గిరి, రాయబారము, రాజ్యసభ నామినేషను, ప్రభుత్వ కమిషనుల అధ్యక్షత, వీనిని మాత్రము 124, 220 అధికరణములను సవరించి శాశ్వతముగ మూసివేయవలెను. ఆ సవరణ ఆలస్యమగునేని, అంతవఱకు రెండేండ్ల విరామమునైనను పార్లమెంటు చట్టముగా చేయవలెను.

ఈ కరపత్రము చేతికందిన వకీళ్లు తమ తమ బారు సంఘములలో ఈ సవరణను కోరు తీర్మానమును ప్రతిపాదింపవలెనని కోరుచున్నాము. తక్కినవారు, వోటడుగ వచ్చిన లోకసభ అభ్యర్థిని, ఈ సవరణకు నీవు చేయెత్తుదువా, ఎత్తవా అని నలుగురి యెదుట అడిగి, ఆయన చెప్పిన జవాబును తేదీతో సహా వ్రాసి యుంచుకొనవలెను.