ముందు కింద పరుచుకోండి

రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం కుర్రాళ్లు నలుగురు చేరి భువనగిరికో లక్నవరానికో టెంటు వేసుకోవడానికి పోదామనుకుంటే, వాట్సాప్ గ్రూపులో ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: "అన్నా, స్లీపింగ్ బ్యాగ్ ఏది తీసుకోవాలె?" జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే: "ఎంత తక్కువ డిగ్రీలది దొరికితే అంత మంచిది. మైనస్ అయిదుది తీసుకో, ఇంక యాడికన్న పోవచ్చు." ఆ మాట నమ్మి మూడు నాలుగు వేలు పోసి సంచి కొంటారు. కిందికి మాత్రం ఇంట్లో ఉన్న పాత బెడ్‌షీటు మడిచి పెట్టుకుంటారు. తెల్లారేసరికి నడుము పట్టేసి, కళ్లు ఎర్రబడి, "ఇంకా మంచి బ్యాగ్ కొనాల్సింది" అనుకుంటూ తిరిగొస్తారు. లోపం సంచిది కాదు, సలహాది.

అసలు మన చలి ఎంత? హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రుల సగటు 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. ఏడాదిలో పది నెలలు మన ఆరుబయట రాత్రుల్లో బాధపెట్టేది ఉక్కపోతా దోమలే. అలాంటి చోట మంచుకొండల కోసం కుట్టిన సంచిలో దూరి జిప్పు మెడదాకా లాగితే ఏమవుతుంది? అర్ధరాత్రికి చెమట పడుతుంది. జిప్పు తీస్తే దోమలు కమ్ముకుంటాయి. నాలుగింటికి మంచు దిగే వేళకు తడిసిన బనియన్ ఒంటికి అంటుకుని అప్పుడు నిజంగా వణుకు పుడుతుంది. ఆ వణుకు తెచ్చింది అతి చేసిన వెచ్చదనమే.

సంచి మీద రాసిన డిగ్రీల సంగతీ చూద్దాం. యూరప్‌లో 2002 నుంచి దీనికొక ప్రమాణం ఉంది, 2016లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని ప్రకారం సంచికి ప్రధానంగా మూడు అంకెలు ఇస్తారు. మొదటిది హాయిగా పడుకోగల ఉష్ణోగ్రత. రెండోది ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగల హద్దు. మూడోది సగటు మహిళ ఆరు గంటలపాటు చలికి ప్రాణం పోకుండా తట్టుకోగల అంచు. మూడో అంకె నిద్ర గురించి కాదు, బతకడం గురించి. చౌక సంచుల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా ఈ మూడోదే. ఇంకో సంగతి సలహాలిచ్చే వాళ్లెవరూ చెప్పరు. ఈ పరీక్షలో వేడి పుట్టించే మనిషి బొమ్మను సంచిలో పెట్టి, ఆ సంచిని ఒక మ్యాట్ మీద పడుకోబెడతారు. అంటే కింద మ్యాట్ ఉందన్న లెక్క మీదే ఆ అంకెలన్నీ నిలబడ్డాయి. మ్యాట్ లేకుండా పడుకున్నవాడికి సంచి మీది ఏ అంకే వర్తించదు.

ఎందుకో తెలుసుకోవాలంటే అడవికి పోనక్కర్లేదు. ఈ రాత్రే సంచిని గచ్చు మీద పరిచి అందులో పడుకోండి. నడుము కిందికి చెయ్యి పోనిచ్చి తడమండి. పైన బుస్సున పొంగి ఉన్న దూది, కింద అప్పడంలా అణిగి ఉంటుంది. సంచి వెచ్చగా ఉంచేది దూదితో కాదు, దూది పట్టి ఉంచిన గాలితో. ఒంటి బరువుకు ఆ గాలి పోయాక మిగిలేది రెండు పొరల గుడ్డ. నేల మన ఒంటి వేడిని నేరుగా లాగేస్తూనే ఉంటుంది. కాబట్టి వీపుకు చలి తగలకుండా ఆపాల్సింది మ్యాటే. మామూలు ఫోమ్ మ్యాట్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చలిని ఆపే శక్తిని ఆర్ వాల్యూ అనే అంకెతో చెబుతారు. మంచి ఫోమ్ మ్యాట్‌కు అది 2 దగ్గర ఉంటుంది. మన దగ్గర చాలా రాత్రులకు అది సరిపోయి మిగులుతుంది.

గాలి పరుపు మోజు ఇంకొకటి. లోపల ఏ పొరా లేని మామూలు ఎయిర్ బెడ్‌లో గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. మెత్తగా ఉంటుంది, చలిగానూ ఉంటుంది. పైగా మన గుట్టల మీద ఉండేది గరుకు రాయి, తుమ్మముళ్లు, పల్లేరుకాయలు. ఒక్క ముల్లు దిగిందా, అర్ధరాత్రికల్లా మనిషి నేలమీదే ఉంటాడు. ఫోమ్‌కు పది ముళ్లు గుచ్చుకున్నా పని ఆగదు.

ఇక రెండో పక్షం వాళ్లున్నారు. "ఇవన్నీ సోకులు, మన తాతలు కటిక నేల మీద పడుకోలేదా? నిద్ర సుఖమెరుగదు" అంటారు. తాతల గురించి వీళ్లకు తెలిసింది తక్కువ. బండి కట్టుకుని జాతరకు పోయినవాళ్లకు ఎద్దుల మేతకని తెచ్చిన గడ్డే రాత్రి పరుపు. దానిమీద బొంతో జంపఖానో పడేది. చేలల్లో మంద పెట్టి రాత్రంతా గొర్రెలను కాసే కురుమ, గొల్ల కాపరుల భుజం మీద గొంగడి ఉంటుంది. దక్కనీ గొర్రె ముతక ఉన్నితో నేసిన ఆ గొంగడి వానకు కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా వదులుకోదు. పుష్య అమావాస్య నాగోబా జాతరకు గోదావరి జలంతో కాలినడకన వచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసే మెస్రం వంశస్తులకు ఆదిలాబాద్ జనవరి చలి గురించి మనం చెప్పాల్సిందేమీ లేదు. ఆరుబయట పడకను అవసరంగా ఎరిగినవాళ్లు పడక సంగతి ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

కటిక నేల మీద పడుకోవడం మొండితనమే కాదు, ప్రమాదం కూడా. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద నిద్రపోతున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. ఆ కాటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు, వాపూ ఉండదు. తెల్లారి కనురెప్పలు వాలిపోయే దాకా కరిచిందనే తెలియదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంచులన్నీ మ్యాట్ కిందికి దోపిన దోమతెర, లేదా అడుగు గుడ్డతో కలిపి కుట్టి జిప్పు మూసిన టెంటు దోమను, పామును రెండింటినీ బయట ఉంచుతుంది. మైనస్ అయిదు సంచి ఈ రెంటిలో దేన్నీ ఆపదు.

"మరి ఆదిలాబాద్‌లో, లంబసింగిలో?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ జనవరిలో పాదరసం 5 డిగ్రీల దరిదాపులకు దిగే రాత్రులున్నాయి. అప్పుడు సంచి కావాలి, హాయి అంకె 5 ఉన్నది చాలు. కింద ఒకటికి రెండు మ్యాట్లు వేసుకోండి. వీపున బరువు మోస్తూ రోజుల తరబడి నడిచేవాళ్లకు బొంత కుదరదు, తేలికైన సంచే మేలు, ఒప్పుకుంటాను. కానీ మనవాళ్లలో ఎక్కువమంది టెంటు పక్కదాకా కారులోనో బండిమీదో పోతారు. వాళ్లకు బరువు సాకు చెల్లదు. హిమాలయాలకు పోయేవాళ్లకు అక్కడి ట్రెక్కింగ్ నిర్వాహకులు చాలావరకు సంచులు తామే ఇస్తారు. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్ల తొలి పాఠాలు భువనగిరి రాతిగుట్ట మీద సాగాయి. ఎవరెస్ట్‌కు కావాల్సిన పడక వేరు, ఆ గుట్ట పక్కన ఒక రాత్రికి కావాల్సిన పడక వేరు.

కాబట్టి చేతిలో మూడు వేలుంటే, మొదటి వెయ్యి ఫోమ్ మ్యాట్‌కు పోవాలి. టెంటుకు జాలీ, అడుగు సరిగా లేకపోతే తర్వాతి డబ్బు దోమతెరకు. కప్పుకోవడానికి ఇంట్లో ఉన్న రగ్గో, వరంగల్ కొత్తవాడ జంపఖానా మీద ఒక దుప్పటో చాలు. ఇంకా డబ్బు మిగిలి, చలికాలంలో ఉత్తరాన అడవులకు పోయే ఆలోచన ఉంటే అప్పుడు సంచి గురించి అడగండి. అడిగినప్పుడు మొదటి అంకె ఎంతో అడగండి. అది చెప్పలేని దుకాణంలో సంచి కొనకండి.