థింసాకు 120 సరిపోదు

సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా తెరిచి చూడండి. పాడేవారు గొంతు సవరించుకోకముందే అది మన తరఫున కొన్ని నిర్ణయాలు తీసేసుకుని ఉంటుంది. వేగం నిమిషానికి 120 దెబ్బలు. తాళం నాలుగు. శ్రుతికి కొలత 440 హెర్ట్‌జ్. రీపర్, ఏబుల్టన్, క్యూబేస్, లాజిక్... పేర్లు వేరైనా చాలావాటి వరస ఇదే. నగరంలో నాలుగు గోడల మధ్య, కీబోర్డు పక్కన నిలబడి పాడే పాటకు ఈ ఏర్పాటు చక్కగా ఒదుగుతుంది. అరకు లోయలో గిరిజనులు ఆడే థింసాకు ఒదగదు. ఆ సంగతి తెలిసీ అవే సెట్టింగులతో మన్యం పాటల్ని రికార్డు చేసి, ‘గిరిజన సంగీతం’ అని పేరు పెట్టి వదులుతున్నారు. నా అభ్యంతరం దాని మీదే.

నేను సౌండ్ రికార్డింగ్ మీద బతికేవాణ్ణి. విశాఖలో ప్రకటనలకు, భక్తి పాటలకు, పెళ్లి వీడియోలకు పని చేస్తాను. వీలు చిక్కితే మైకులు సర్దుకుని అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు పోతాను. మా నాన్న ఆ వైపు ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. చైత్రమాసం ఇటుకల పండగ డప్పు వింటూ పెరిగినవాణ్ణి కనుక, ఆ చప్పుడు ఎలా ఉంటుందో, రికార్డులో ఏమైపోతుందో రెండూ తెలుసు.

మొదట వేగం సంగతి. థింసాలో ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసుకట్టుగా కదులుతారు. మగవాళ్లు డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు. ఆట నెమ్మదిగా మొదలవుతుంది. ఒళ్లు వేడెక్కే కొద్దీ ఊపందుకుంటుంది. వేగం ఎక్కడ పెంచాలో కాగితం మీద ఎవరూ రాసుకోరు. వరస కొసనున్న ఆమె అడుగు చూసి తుడుము వాయించే మనిషి చెయ్యి మారుస్తాడు, ఆ చెయ్యి విని వరసంతా మారుతుంది. ఒకసారి ఓ వీడియో తీసేవాళ్లు, ఎడిటింగ్‌కు సులువని, వేగాన్ని లెక్కగట్టే క్లిక్ చప్పుడు పెట్టి తీరాల్సిందేనన్నారు. తుడుము తాత చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించారు. నాలుగు దెబ్బలు వేసి ఆయన ఆపేశాడు. “ఇదేటి బాబూ, చెవిలో టిక్కుటిక్కుమంటాది? దీని ఎనక మేం ఆడాలా, మా ఎనక ఇది రావాలా?” అని అడిగాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ కలిసి జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. జవాబు మాత్రం సెట్టింగుల్లోనే ఉంది. క్లిక్ ఆపేయండి. దెబ్బల్ని గీతల మీదికి లాగి సర్దే క్వాంటైజ్ జోలికి పోకండి. అంతగా గీతలు కావాలంటే, రికార్డింగ్ అయ్యాక తుడుము దెబ్బల్ని బట్టి, వేగం మారే తీరు చూపే టెంపో మ్యాప్ గీసుకోవచ్చు. అప్పుడు యంత్రమే ఆటగాళ్ల వెంట నడుస్తుంది.

రెండోది శ్రుతి. చలికాలం పొద్దున్నే ఏ గూడేనికైనా వెళ్లి చూడండి. మంచు ఇంకా విడవదు. వాకిట్లో ఎండుగడ్డి మంట వేసి, డప్పును ఆ సెగకు చూపిస్తూ చుట్టూ తిప్పుతుంటారు. వేలితో ఓ దెబ్బ వేసి వింటారు, మళ్లీ కాస్తారు. తోలు బిగిసే కొద్దీ మొద్దుగా ఉన్న చప్పుడు ఖంగుమంటుంది. వాయించడం మొదలయ్యాక కాసేపటికి చలిగాలికి తోలు మళ్లీ సడలుతుంది, శ్రుతి దిగుతుంది. మళ్లీ మంట దగ్గరికి పరుగు. అంటే ఒకే ఆటలో డప్పు శ్రుతి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఊదే మోరి స్వరాలు హార్మోనియం మెట్ల మీద కూర్చోవు. పాట అందుకునే పెద్దమ్మ చరణం చివర గొంతును ఒక జారుడు జార్చి వదులుతుంది. అది ఏ మెట్టు మీదా ఆగదు. ఆగకపోవడమే ఆ పాటకు అందం.

ఇంతటి వైవిధ్యాన్ని పిచ్ కరెక్షన్ తప్పుల జాబితాగా చదువుతుంది. ఆటో-ట్యూన్ 1997లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల అన్వేషణలో భూకంప తరంగాల విశ్లేషణ చేసిన ఇంజినీర్. భూమి లోపలి ప్రతిధ్వనుల్ని చదివిన గణితాన్ని ఆయన గొంతుకు అన్వయించాడు. మేధస్సుకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ పనిముట్టు ఏ గొంతునైనా పన్నెండు స్వరస్థానాల్లో దగ్గరున్నదాని మీదికి నెడుతుంది, లేదా మనం చెప్పిన స్కేలులోకి సర్దుతుంది. కొండ మీద నేను తీసిన ట్రాకు ఒకటి నగరంలోని ఓ స్టూడియోలో ‘సరిదిద్దగా’ విన్నాను. పెద్దమ్మ జారుడు మెట్లు మెట్లుగా తెగిపోయింది. మోరి శ్రుతిలో లేదని తీసేసి, దాని స్థానంలో కంప్యూటర్ షెహనాయి పెట్టారు. తుడుము దెబ్బలన్నీ గీతల మీద బారులు తీరాయి. ఎక్కడా తప్పులేదు, ఎక్కడా థింసా లేదు.

మూడోది, అందరి చేతిలోనూ ఉన్న ఫోను. కొండల్లో ఇవాళ ఎక్కువ రికార్డింగులు జరిగేది దానిలోనే. ఫోన్లు ప్రధానంగా మాట వినిపించడం కోసం తయారయ్యాయి. ఒకే తీరున సాగే శబ్దాన్ని చాలా ఫోన్లు రొదగా లెక్కగట్టి అణచేస్తాయి. గుక్క తిప్పుకోకుండా సాగే మోరి నాదం, పక్కన పారే గెడ్డ ఆ లెక్కలో రొదే. పైగా ఆటోమేటిక్ గెయిన్ ఒకటి. పెద్ద చప్పుడు రాగానే లెవెల్ తగ్గిస్తుంది, చప్పుడు ఆగగానే పెంచుతుంది. ఫలితం? డప్పు మీద దెబ్బ పడ్డప్పుడల్లా పాట మునిగి తేలుతుంది. నమ్మకపోతే యూట్యూబ్‌లో పర్యాటకులు పెట్టిన థింసా వీడియోలు ఏవైనా నాలుగు వినండి. ఫోనులో నాయిస్ రిడక్షన్, ఆటో లెవెల్ ఆపే వీలుంటే ఆపండి. వీల్లేకపోతే ఆ పని చేయనిచ్చే రికార్డింగ్ యాప్ వేసుకోండి. తీసిన ఫైలును వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే దారిలోనే మరికొంత నలుగుతుంది.

మంచి మైకులున్నవాళ్లూ ఒక దగ్గర బోల్తా పడతారు. కొండగాలి హోరుకు భయపడి 80 హెర్ట్‌జ్ కింద శబ్దాన్నంతా కోసేసే లో-కట్ మీట నొక్కేస్తారు. గాలితో పాటు తుడుము పొట్టలోంచి వచ్చే గుబగుబ కూడా పోతుంది. మైకుకు బొచ్చు తొడుగు వేయండి, గాలి అక్కడే ఆగుతుంది. మీట ముట్టకండి. అవసరమైతే ఆ కోత తర్వాత కంప్యూటర్లో ఎప్పుడైనా కోసుకోవచ్చు. ముందే కోసింది మళ్లీ రాదు.

మిగిలిన అంకెలు క్లుప్తంగా చెబుతాను. శాంప్లింగ్ 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, వేవ్ ఫైలు. పాత టేపుల్ని డిజిటల్‌లోకి మార్చి భద్రపరచడానికి అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం చెప్పిన కనీస ప్రమాణం కూడా 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లే. 16 బిట్లలో సిద్ధాంతరీత్యా దాదాపు 96 డెసిబెల్స్ పరిధి దొరికితే, 24 బిట్లలో 144 దాకా ఉంటుంది. అందుకే లెవెల్ పైకెత్తి పెట్టాల్సిన పనిలేదు. డప్పు గట్టిగా మోగినప్పుడు కూడా పీక్ మైనస్ 8, మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ తగ్గించుకుంటే, ఆట ముదిరాక కూడా శబ్దం పగలదు. ల్యాప్‌టాప్‌లో నేరుగా తీసేటప్పుడు బఫర్ 512 శాంపిళ్లకో 1024కో పెంచండి. ఎవరూ హెడ్‌ఫోన్స్‌లో తమ గొంతు వింటూ పాడటం లేదు కనుక ఆలస్యం గురించి బెంగ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ మధ్యలో తడబడి టప్‌టప్‌మనకుండా ఉంటే చాలు. ఇలా తీసిన స్టీరియో ఫైలు గంటకు సుమారు ఒక జీబీ. ఒక సినిమా డౌన్‌లోడ్ అంత. చోటు చాలదనే సాకు ఈ రోజుల్లో చెల్లదు. డబ్బు లేదనే సాకూ అంతే. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

‘కుర్రాళ్లకు డీజే బీటే కావాలి, నీ ముడి రికార్డింగ్ ఎవరు వింటారు?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాడేరు, అరకు కుర్రాళ్లు ఫోన్లో బీటు కలిపి థింసా పాటలు వదులుతున్నారు. సంతల్లో అవి మోగుతుంటే నాకూ హుషారుగానే ఉంటుంది. పాట వాళ్లది. దానికి ఆటో-ట్యూన్ పెట్టుకుంటారో, 140 వేగం పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం. నేను అడిగేది ఒక్కటే. అక్కడి రైతు విత్తనపు చోళ్లు పక్కన పెట్టాకే మిగతావాటితో అంబలి కాచుకుంటాడు. ముడి ఫైలును అలా పక్కన పెట్టి, ఆ తర్వాత ఎన్ని రీమిక్సులైనా చేసుకోండి.

పరాయి గీతల్లోకి సర్దకుండా కొండ భాషల్ని వినడం మనకు కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు సవరల మాటను వాళ్ల దగ్గరే నేర్చుకుని, దాని ధ్వనులకు ప్రత్యేకమైన గుర్తులు వాడి 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువును వెలువరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల కూబి భాష మీద చేసిన పరిశోధన 1969లో పుస్తకంగా వచ్చింది. చేతిలో కాగితం, పెన్సిలు ఉన్న రోజుల్లోనే ఒక ధ్వనిని ఉన్నదున్నట్టు పట్టుకోవాలని వాళ్లు అంత తపన పడ్డారు. సెకనుకు 48 వేల సార్లు శబ్దాన్ని కొలిచే పరికరం జేబులో పెట్టుకుని మనం ఫ్యాక్టరీ సెట్టింగుతో సరిపెట్టుకోవడం సిగ్గుచేటు.

కాలం కూడా ఆగదు. కోయ ఇలవేల్పుల కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. అదే ఏడాది అక్టోబరులో గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు కన్నుమూశారు. పద్మశ్రీలు కనుక వీళ్ల మరణం పత్రికల్లో వార్త అయింది. అరకు గూడేల్లో పాట అందుకునే పెద్దమ్మలు ఒక్కొక్కరే పోతున్నారు. వార్త కూడా ఉండదు.

ఇక అసలైన సెట్టింగు ఒకటుంది. చాలామంది ఖాళీగా వదిలేసేది అదే. ఫైలు వివరాల్లో పేరు గడి. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. గింజ ఎక్కడిదో పొట్లం మీద ఉండాలని పట్టుబట్టాం. అదే కొండ మీద పాడిన గొంతు మాత్రం హార్డ్ డిస్కులో ‘ట్రైబల్ లూప్ 3’గా పడి ఉంటుంది. చట్టం సంగతి చూడండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కు కర్త నిర్మాత, అంటే ఆ పని తలపెట్టి చేయించినవాడు. ఆ హక్కు 60 ఏళ్లు. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు వేరే ఉంది, 50 ఏళ్లు. ప్రదర్శకులుగా తమ పేరు చెప్పాలని కోరే హక్కును 2012 సవరణ కల్పించింది. పెద్దమ్మ పేరు వేయడం మన ఉదారత అనుకుంటే పొరపాటు. అది ఆమె హక్కు. ఆమె పేరు, ఊరు, భాష, పాడిన తేదీ, వాయించినవారి పేర్లు ఫైలులోనే ఎక్కించాలి. పేరు వేయవద్దని వాళ్లంటే ఆ మాటా రాయాలి. పాడించుకున్నందుకు కూలి కట్టి, పాటను తర్వాత ఎక్కడ వాడబోతున్నారో వాళ్లకు అర్థమయ్యే భాషలో ముందే చెప్పాలి.

ఇందులో ఏదీ పెద్ద ఖర్చు పని కాదు. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), పర్యాటక శాఖ, భాషా సాంస్కృతిక శాఖ తమ డబ్బుతో తీయించే ప్రతి రికార్డింగ్ ఒప్పందంలో నాలుగు షరతులు రాస్తే చాలు. ముడి ఫైలు 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో, ఏ దిద్దుబాటూ లేకుండా అప్పగించాలి. పాడినవారి వివరాలు ఫైలులో ఉండాలి. ఒక ప్రతి ఆ ఊరి బడికి, ఒక ప్రతి అరకు గిరిజన మ్యూజియానికి చేరాలి. పాటను మరెక్కడైనా వాడాలంటే ఆ ఊరిని అడగాలి. దేశ సంగీతపు రికార్డింగులు దాచే కేంద్రం ఒకటి 1982లో మొదలైంది, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది, మంచిదే. కానీ డుంబ్రిగుడ పిల్ల తన నాయనమ్మ పాట వినడానికి గురుగ్రామ్ పోలేదు. మ్యూజియంలో వాయిద్యాలు చూసి వెళ్లే మనిషికి, వాటి చప్పుడు వినడానికి హెడ్‌ఫోన్స్ ఉన్న ఒక గది కూడా ఉండాలి.

సినిమావాళ్లకు, రీల్స్ చేసే కుర్రాళ్లకు, కాలేజీ ప్రాజెక్టు పిల్లలకు నా మనవి ఒకటే. ఘాట్ రోడ్డు ఎక్కేముందు ఐదు నిమిషాలు ఆగి సెట్టింగులు తెరవండి. క్లిక్, పిచ్ కరెక్షన్, నాయిస్ రిడక్షన్ ఆపేయండి. పేరు గడి నింపడానికి పెన్ను దగ్గర పెట్టుకోండి. రికార్డింగ్ అయ్యాక, కొండ దిగకముందే, ఆ ఫైలు ఒక ప్రతి పాడినవాళ్ల చేతిలో పెట్టి రండి.