డెల్టా మాటలు - 14: ఉడుము కేసులో అసలు ముద్దాయి ఎవరు?

మొన్న బందరులో క్లాసులో జాతీయాలు చెబుతున్నా. 'ఉడుంపట్టు' అంటే ఏంటని అడిగా. చివరి బెంచీలోంచి దివిసీమ యానాది కుర్రాడు లేచి, "ఆ పట్టు మా మావయ్యని పట్టుకుంది సార్. ఇంకా కోర్టుకి తిరుగుతున్నాడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పీహెచ్‌డీ దాకా చదివిన తెలుగులో ఉడుము పట్టుదలకి పోలికే తప్ప, దాన్ని తిని బతికినవాళ్ల ఊసు నాకెవరూ పాఠంగా చెప్పలేదు.

చట్టం చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము షెడ్యూల్ 1లో, పులి పక్కనే ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు. సెక్షన్ 65 వేట హక్కుని నికోబార్ దీవుల తెగలకే వదిలింది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటని మినహాయించింది. యానాదికి ఎటూ దారి లేదు.

మన డెల్టాలో రైతు గట్టు మీద ఎలుకల్ని పట్టేవాళ్లు ఇద్దరు: యానాది, ఉడుము. గుడివాడ దాటి ముదినేపల్లి, కైకలూరు వైపు వెళ్లండి. చేలు పోయి చేపల చెరువులొచ్చాయి. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు. గట్టు పోయింది, కలుగు పోయింది, ఎలుక పోయింది. ఇద్దరి కూడూ ఒకేసారి పోయింది.

ఇప్పుడు అదే చట్టంలో సెక్షన్ 2(16) చదవండి. సరీసృపాల గుడ్లని పాడుచెయ్యడం, వాటి గూళ్లని కదిలించడం కూడా 'వేటే' అంటుంది. మరి గుడ్లున్న కలుగుని పెకలించిన పొక్లెయిన్ వేటాడినట్టు కాదా? దాని యజమాని మీద ఉడుము కేసు పడిందని మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

కచేరీల్లో మోగే కంజీరకి తరతరాలుగా బిగించింది ఉడుము చర్మమే. అది సంగీతం. పూజకి మంచిదని అమ్మే 'హత్థాజోడీ' వేరు కాదు, ఎండబెట్టిన మగ ఉడుము మర్మాంగమని 2017లో బయటపడింది. అది భక్తి. యానాది కుండలో ఉడికితే మాత్రం నేరం.

"అయితే ఉడుముని చంపనివ్వమంటావా?" అని కామెంట్ పెట్టబోయే మిత్రులకి: వద్దు. ఉడుము షెడ్యూల్ 1లోనే ఉండాలి. నేనడిగేది చట్టం సగం దగ్గర ఆగొద్దని. 2(16)ని చెరువు గట్టు దాకా తీసుకురండి. వేట మానమన్నవాళ్లే బతుకుతెరువూ చూపించాలి. తమిళనాడులో పాముల వేట ఆగాక ఇరుళ్లు 1978లో విషం తీసే సహకార సంఘం పెట్టుకున్నారు. పట్టే విద్య కాపాడే విద్య అయింది. కలుగు చూసి లోపల ఏముందో చెప్పగల యానాదికి మన మడ అడవుల్లో కాపలా ఉద్యోగం ఎందుకివ్వరు?

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ దగ్గర్లో ఉడుము కేసులెన్నో, ముద్దాయిల కులమేంటో, వాటిలో చెరువుల యజమానులెందరో సమాచార హక్కు కింద అడగండి. జవాబులొచ్చాక ఇక్కడే మాట్లాడుకుందాం.

జై భీమ్.