కుర్చీ ఆమెది, సభ ఎవరిది?

"ఆడవాళ్ళని మేయర్లని చేస్తే ఏముంది, మొగుడు చూపించిన చోట సంతకం పెడతారు." ఈ మాట ఆఫీసుల్లోనే కాదు, మన సమావేశాల్లోనూ వింటున్నాను. స్థానిక సంస్థల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకిచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకొచ్చింది. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, 1962లో, రాణీ కుముదినీదేవి హైదరాబాదు మేయరయ్యారు. ఎగతాళి మాత్రం ఇంకా పాతబడలేదు.

అసలు చట్టం మేయరు చేతిలో పెట్టిందేమిటి? హైదరాబాదు కోసం చేసిన 1955 నాటి నగరపాలక సంస్థల చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని కమిషనర్‌కి కట్టబెట్టింది. మేయరుకి మిగిలిన గట్టి అధికారం సభకి అధ్యక్షత వహించడమే. ఎవరు మాట్లాడాలి, ఎవరు కూర్చోవాలి, ఏ అంశం చర్చకి రావాలి, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు ఎటు వెయ్యాలి అన్నవి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తేల్చాల్సినవి. అందుకే దాడి కూడా ఆ కుర్చీ మీదే జరుగుతోంది.

ఒక పట్టణంలో కౌన్సిల్ సమావేశం చూశాను. దళితవాడ కుళాయిల గురించి ఒక కౌన్సిలరమ్మ లేచి నిలబడింది. చైర్‌పర్సన్ ఆమెకి అవకాశమిచ్చింది. వెంటనే కేకలు: "నీకేం తెలుసమ్మా, మీ ఆయన్నడుగు!" ఆ ఆయన అధికారుల వరసలో దర్జాగా కూర్చునే ఉన్నాడు. (సభ్యుడు కాదు, అధికారీ కాదు, కానీ టీ మొదట ఆయనకే వచ్చింది.) పది నిమిషాల గొడవ తర్వాత అజెండా మొత్తం ఆమోదం పొందినట్టు ప్రకటించారు. కౌన్సిలరమ్మ నిలబడే ఉంది. దీన్ని ఆ చైర్‌పర్సన్ అసమర్థత అంటే నేనొప్పుకోను. ఆమె తీర్పు చెప్పింది, సభ దాన్ని తొక్కేసింది. కాంట్రాక్టరు రాసిచ్చిన తీర్మానం చదివే మగ చైర్మన్‌ని ఎవరూ రబ్బరు స్టాంపనరు, లౌక్యం తెలిసినవాడంటారు.

మన శిక్షణా తరగతుల్లో పథకాల పేర్లు, ఉపన్యాస కళ చాలానే చెప్తున్నాం. సభని ఎలా నడపాలో, అల్లరి చేసేవాణ్ణి ఏ నిబంధన కింద బయటికి పంపొచ్చో ఎంతమందికి నేర్పుతున్నాం? సభ్యులు, అధికారులు కాని వాళ్ళంతా సందర్శకుల గ్యాలరీలోకి వెళ్ళాలని ఆమె ఆదేశించిన రోజు, ఆ గ్యాలరీలో మనం పదిమందిమైనా ఉండాలి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద మినిట్స్ నకలు తీసుకుని, ఆ ఆదేశం అందులో రాశారో లేదో, కుళాయిల ప్రశ్న ఏమైందో చూడాలి.